మామకు చూపించిన ఆదోని బార్లు

ఆ రోజుల్లో చెడిపోవాలన్నా అంత తేలిక కాదు. చెడిపోయే వయసు వచ్చేది, చెడిపోవాలన్న కోరిక కూడా వచ్చేది, తీరా ముస్తాబై వీధిలోకి వస్తే చెడిపోవడానికి తగిన చోటు కనిపించేది కాదు. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. మద్యనిషేధం గట్టిగా అమల్లో ఉండేది. కల్లు దుకాణాలు మూతపడి, వాటి స్థానంలో బొరుగుల అంగళ్ళు వెలిశాయి. తాగి తీరాలనుకున్నవాడు వంకల్లో, తుప్పల్లో పడి నాటుసారా వెతుక్కోవాలి, లేకపోతే డాక్టరు చేత ఏదో జబ్బు రాయించుకుని పర్మిట్టు తెచ్చుకోవాలి. నాకు తుప్పలంటే పాముల భయం, డాక్టరంటే సూది భయం. ఆ రెండు భయాల పుణ్యాన నేను మంచివాడిగా మిగిలాను. (మా అమ్మ అది తన పెంపకం గొప్ప అనుకునేది. నేనూ కాదనలేదు.)

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నేను మగ్గం గుంతలో కూర్చుంటే పోగులు తెగడం తప్ప పని సాగదని మా నాన్న తొందరగానే కనిపెట్టాడు. ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కాను కాబట్టి ఎవరినో పట్టుకుని ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేర్పించాడు. బస్సులో ఒక కునుకు తీస్తే వచ్చే ఊరే అయినా, మా వాళ్ళకు ఆదోని అంటే రెండో బొంబాయి. దూది బండ్లు, సేట్లు, రైలు, మిల్లు కూతలు, సాయంత్రం కాగానే బజారు నిండా దీపాలు. అంత పట్నంలో నేను సాయంకాలాలు ఎలా గడిపేవాడినో చెప్పమంటారా? మిల్లు వదలగానే తలలో దూది దులుపుకుని, మెస్సులో భోంచేసి, కోటకొండ కింద సందులో ఉన్న మా గదికి వచ్చి, దీపం వెలుగులో మంచం పట్టెల సందుల్లోంచి నల్లులు ఏరేవాడిని. అదీ నా పట్నవాసం.

ఆ గదిలో నాతో పాటు ఉండేవాడు బొంబాయన్న. మా మిల్లులోనే దూది రకం చూసే పని ఆయనది. గుప్పెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ళతో లాగి చూసి ఇది ఫలానా రకం అనేవాడు. యుద్ధం రోజుల్లో సేటు దూది బేళ్ళ వెంట బొంబాయి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. అక్కడ ఓడరేవు దగ్గర ఒక వీధి ఉందట. వీధి పొడుగునా బార్లే. నల్లుల వేట ముగిశాక ఆ వీధిలోకి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. "ఒగ బార్లో ఓడ పనోల్లు బల్లలు గుద్దుతా పాటలు పాడతారు. ఇంగొగ దాంట్లో ఒగ పారసీ ముసలాయన ఒక్కడే కూసోనుంటాడు. పక్కన కుర్చీలో ఆయన కుక్క. దానిగ్గూడా ఒగ పళ్ళెం. ఇంగొగ దాంట్లో కుర్చీలే లేవప్పా, అందరూ నిలబడే తాగేది. మిద్ది మీద ఇంగొకటుండాది. ఆడ ఒగ దొరసాని పియానో వాయిస్తాంటాది. ఎంత పెద్ద రౌడీ అయినా ఆమె ముందర నోరెత్తడు. అన్నిటికంటే ఖరీదైన బార్లో దీపం గుడ్డిగా ఉంటాది, పక్కనోడి మొగం గూడా కనపడదు." మొహం కనపడని చోటుకు ఎక్కువ ఖరీదు ఎందుకన్నా అని నేనడిగితే, "నీకు బొంబాయి అర్థం కాదులే" అని అటు తిరిగి పడుకునేవాడు.

నాకు అర్థం కాకపోయినా పనికి మాత్రం బాగా వచ్చింది. ఆదివారం ఆదివారం ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు మా వీధి కుర్రాళ్ళు అరుగు మీద నా చుట్టూ చేరి, "ఆదోనిలో సాయంకాలం ఏమి సేస్తావుబ్బా?" అని ఆశగా అడిగేవారు. నల్లులు చంపుతానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని బొంబాయన్న వీధిని ఎత్తి ఆదోని స్టేషను రోడ్డులో దించేశాను. సముద్రం ఒక్కటి దించలేకపోయాను గానీ మిగతాదంతా సర్దుకుంది. పైకి సోడా అంగడిలా, చాయ్ హోటల్‌లా కనపడతాయనీ, తెలిసినవాడు కన్ను గీటితే లోపలి సంగతి బయటపడుతుందనీ చెప్పాను. ప్రతి ఆదివారం ఒక కొత్త బారు తెరిచేవాడిని. దొరసాని పియానో బారు తెరిచిన రోజున మా కుర్రాళ్ళకు కాసేపు ఊపిరి ఆడలేదు. ఆ మాటలు అరుగు దగ్గరే ఆగుతాయనుకోవడం నా అమాయకత్వం.

ఒక శనివారం మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర మా మామ నిలబడి ఉన్నాడు. మా అమ్మకు తమ్ముడు. నేతలో చెయ్యి తిరిగినవాడు, భజనలో తాళం వేసేవాడు, పెద్ద మీసాలు, తక్కువ మాటలు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన కూతురు నాకు మరదలు. ఆ పిల్లను నాకిస్తారని మేము పలకలు పట్టుకున్నప్పటి నుంచీ ఇంట్లో అనుకుంటున్నారు. (నన్ను చూస్తే ఆ అమ్మాయి తల వంచుకునేది కాదు, నవ్వేది. ఆ నవ్వులో గౌరవం పాలు కాస్త తక్కువగా ఉండేది.) అలాంటి మామ చెప్పకుండా వచ్చాడంటే ఏదో ముంచుకొచ్చిందన్నమాటే.

"ఏమి మామా, అంతా బాగుండారా?"

"బాగుండారులే. అల్లుడా, ఒగ మాట అడుగుతా, కాదనకూడదు."

"అడుగు మామా."

ఆయన అటూ ఇటూ చూసి, మీసం నా చెవికి తగిలేంత దగ్గరికి వంగి, "నాకు ఆ బార్లు సూపియ్యల్ల" అన్నాడు.

అక్కడే నిజం చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో, పిల్లనివ్వబోయే మామ ముందు, 'నేను ఉత్త కోతలరాయుడిని' అని ఒప్పుకునేవాడు ఎవడుంటాడు? తాగుబోతునని అనుకున్నా ఫరవాలేదు, అబద్ధాలకోరునని మాత్రం అనుకోకూడదని ఆ నిమిషంలో నాకు తోచింది. నా తెలివి అప్పట్లో అలా పనిచేసేది. "దానికేముండాది మామా, పొద్దు గూకనీ, పోదాం" అన్నాను. ఆయన్ను గదిలో కూర్చోబెట్టి, మిల్లులోకి పరిగెత్తి బొంబాయన్న మీద పడ్డాను.

"అన్నా, నువ్వే కాపాడల్ల. బార్లో లోపల ఎట్లుంటాది? ఏమడగల్ల? ఎట్ల కూసోవల్ల? అన్నీ సెప్పు."

బొంబాయన్న చేతిలోని దూదిని చాలాసేపు చూశాడు. "నేను లోపలికి యాడ పోయినానప్పా? ట్రాములో పోతా సూసినా" అన్నాడు.

"ట్రాములోంచా! మరి ఆ ముసలాయన, ఆ కుక్క?"

"తలుపు తెరిసినప్పుడు కనపడినారు. తలుపు కాడ నిలబడేటోడికే మన సేటు కంటే మంచి కోటుండేది. నన్నెవరు రానిస్తారు?" నా మొహం చూసి జాలి పడ్డాడేమో, ఇలా సలహా ఇచ్చాడు: "బార్ అంటే ఏమి అప్పా? గాజు గ్లాసు, గుడ్డి దీపం, మాట్లాడకుండ కూసోవడం. అవి నువ్వు సూపియ్యి, మిగతాది మీ మామే అనుకుంటాడు." ఆ మాట చెప్పి, పెద్దకడుబూరులో వాళ్ళ పిన్నమ్మకు ఒంట్లో బాగాలేదని ఉన్నపాటున గుర్తు తెచ్చుకుని ఆ సాయంత్రానికి ఊరు దాటేశాడు.

దీపాలు పెట్టే వేళకు మామ తల దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం మడత పెట్టి భుజాన వేసుకుని పెళ్ళికి బయలుదేరినట్టు తయారయ్యాడు. మొదట గంజి దగ్గర సోడా అంగడికి తీసుకువెళ్ళాను. (మాకు ధాన్యం, దూది అమ్మే మార్కెట్టు గంజి. తాగే గంజి కాదు, అంత పల్చటి రోజు కూడా కాదు అది.) అంగడి అతనిది హొళగుంద, నోట్లో సగం కన్నడం. నేను బల్ల మీద మోచెయ్యి ఆనించి, గొంతు తగ్గించి, "రెండు స్పెషల్" అని కన్ను గీటాను.

"ఏనప్పా, కంట్లో దూది పడిందా? బా, ఇట్ల రా, నీళ్ళిస్తా, కడుక్కో."

"దూది కాదు. స్పెషల్" అని మళ్ళీ గీటాను.

"ఓహో, అల్లం గట్టిగానా!" అని అతను అల్లం దంచి, మిరియాల పొడి, ఉప్పు వేసి, గోలీ సోడా కొట్టి పోశాడు. గోలీ దిగిన చప్పుడుకు మామ ఉలిక్కిపడ్డాడు. నురగ చూసి నా వైపు చూశాడు. నేను చాలా అనుభవం ఉన్నవాడిలా తల ఊపాను. ఆయన ఒక గుటక వేసి, కళ్ళలో నీళ్ళు తిరగ్గా గట్టిగా తుమ్మాడు.

"ఘాటుగుండాదే!"

"మొదట్లో అట్లే ఉంటాది మామా. గబగబా తాగాకు, తలకెక్కుతాది. గ్లాసు అట్ల గట్టిగా పట్టుకోకూడదు, ఇట్ల వేళ్ళతో పట్టుకోవల్ల." జీవితమంతా మగ్గం మీద నూలుపోగు తెగకుండా పట్టుకున్న మనిషికి నేను గ్లాసు పట్టుకోవడం నేర్పాను. ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఒక మూలికా వైద్యుడి అంగడి. గోడ పొడుగునా రంగురంగుల సీసాలు వరసగా ఉండటం చూసి, బార్ అంటే ఇలాగే ఉంటుందని నేనెప్పటి నుంచో అనుకునేవాడిని. "ఇది పెద్దోల్లు వచ్చే తావు మామా" అని చెవిలో చెప్పి లోపలికి నడిపించాను. వైద్యుడు కళ్ళద్దాలు పైకి నెట్టి మా ఇద్దరినీ చూసి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. తాగుడు అనుభవం అడుగుతున్నాడనుకున్నాను.

"సానా దినాల నుంచి" అన్నాను దర్జాగా.

"దినానికి ఎన్నిసార్లు?"

"సాయంకాలం ఒగసారి."

"గట్టిగానా, పల్సగానా?"

మామ పక్కనే ఉన్నాడాయె, తగ్గడం ఎందుకని "గట్టిగానే" అన్నాను.

వైద్యుడు జాలిగా తల ఆడించి, ఒక నల్లటి సీసాలోంచి చిన్న ఇత్తడి గిన్నెలో ఒక మోతాదు పోసి నాకిచ్చాడు. "ఈయనకు గూడా అదేనా?" అని మామను చూపించాడు. "ఆయనకు గూడా" అన్నాను. తీపి, చేదు, వగరు కలిసిన ఆ ద్రవాన్ని మేమిద్దరం గంభీరంగా తాగాం. (ఆ మందు తన పని తాను మర్నాడు పొద్దున శ్రద్ధగా చేసింది. ఆ వివరాలు ఇక్కడ అక్కరలేదు.)

మూడోది భాయి చాయ్ హోటల్. అక్కడ కుటుంబాలతో వచ్చేవాళ్ళ కోసం ఒక పరదా కట్టిన మూల ఉండేది. దీపం మసిబారి ఉండేది. బొంబాయన్న చెప్పిన ఖరీదైన బారు ఇదేనని మామను పరదా వెనక కూర్చోబెట్టాను. భాయితో రహస్యంగా, పాలు కలపకుండా, నిమ్మకాయ పిండి, గాజు గ్లాసుల్లో రెండు చాయ్‌లు ఇమ్మన్నాను. గుడ్డి వెలుతురులో ఆ గ్లాసులు ఎంత అందంగా ఉన్నాయో! ఎర్రగా, తేటగా, పొగలు కక్కుతూ. పొగలు ఒక్కటే కాస్త ఇబ్బంది.

"ఏందిరా ఇది, కాలుతాండాది?"

"సలిదేశం బ్రాందీ మామా. వాల్లు కాచుకునే తాగుతారు."

మామ ఊదుకుంటూ తాగాడు. కాసేపయ్యాక నలువైపులా చూసి, "మిద్ది మీద దొరసాని ఉండాదంట గదా" అన్నాడు. ఆ సంగతి కూడా ఈయన దాకా పోయిందన్నమాట.

"ఉండాది మామా. ఈ పొద్దు రాలేదు."

"పాపం, జరమా?"

"జరమే."

"వానల్లో ఎవరికైనా అంతే" అన్నాడు మామ. అవి వానలు లేని రోజులు. ఆయన గొంతులో ఏదో తేడా ఉందని నాకప్పుడే తెలియాల్సింది. నేను మాత్రం నా విజయంలో నేనున్నాను.

సరిగ్గా అప్పుడు పరదా తొలగించి, పక్క బల్ల మీద మిరపకాయ బజ్జీలు తింటున్న ఒక సన్నపాటి మనిషి తల లోపలికి పెట్టాడు. "అన్నా, బ్రాందీ అంటాంటే ఇనపడింది. ఈడ దొరుకుతాదా?" అన్నాడు వినయంగా. తెలియదని చెప్పాలని లోపల నుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగుతూనే ఉన్నారు. కానీ మామ నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఊరికి కొత్తలాగుండావే" అన్నాను. "మనతో తిరుగు, అన్నీ తెలుస్తాయి. ఆదోనిలో మనకు తెలియని బారు లేదు."

(ఒక రకంగా చూస్తే ఆ మాటలో అబద్ధం లేదు. ఊళ్ళో అసలు బార్లే లేనప్పుడు, నాకు తెలియనిది ఎక్కడి నుంచి వస్తుంది?)

"నిజంగా అన్నీ తెలుసా?"

"కండ్లు మూసుకుని సూపిస్తా."

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. నా చెయ్యి ఆప్యాయంగా పట్టుకున్నాడు. "అయితే రా అన్నా, పోదాం. మా సారు గూడా సానా దినాల నుంచి ఇదే అడుగుతాండాడు" అన్నాడు. వాళ్ళ సారు సబ్ ఇన్‌స్పెక్టరు. ఈయన మఫ్టీలో ఉన్న జవాను. చెయ్యి వదిలించుకోవడానికి చూస్తే ఆ సన్నపాటి వేళ్ళు ఇనుప పట్టకార్లలా బిగుసుకున్నాయి. భాయి వెనకాల నుంచి, "అరే సాబ్, ఉత్త చాయ్ సాబ్, పాలు గూడా లేవు సాబ్!" అని అరుస్తూనే ఉన్నాడు.

మామ వెంట రాగా, జవాను నన్ను పోలీసు స్టేషనుకు నడిపించాడు. సబ్ ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినాయన. లావుగా, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతూ కూర్చున్నాడు. జవాను చెప్పిందంతా విని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం చేస్తుంటావ్?"

"మిల్లులో గుమాస్తా సార్."

"మరి ఈ దళారీ పని ఎప్పట్నుంచి? మీ సేటుకి తెలుసా? రేపు పొద్దున్నే కబురు పెడతాను. కేసు రాస్తే ఉద్యోగం పోద్ది, తెలుసా?"

"నాకు ఏ బారూ తెలియదు సార్."

"అన్నీ తెలుసని ఇప్పుడేగా అన్నావంట?"

"అది... అబద్ధం సార్."

"ఏది అబద్ధం? అప్పుడన్నదా, ఇప్పుడన్నదా?"

ఒక వైపు లాకప్పు కటకటాలు కనపడుతున్నాయి. ఇంకో వైపు బల్ల చివర మామ, చేతులు కట్టుకుని, నా జవాబు కోసం చూస్తున్నాడు. నిజం చెబితే ఆయన దగ్గర పరువు పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, దాని వెంట పిల్లా పోతుంది. ఏ మతి ఉన్నవాడికైనా ఇది ఆలోచించాల్సిన విషయమే కాదు. నేను ఆలోచించాను. నిజంగా ఆలోచించాను! అయినా 'మామా, నేను జన్మలో తాగలేదు' అనే చిన్న మాట గొంతు దాటి రావడం లేదు. మా నాన్న మగ్గం, అమ్మ మొహం, ఆ అమ్మాయి నవ్వు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అంతవరకూ సరదాగా ఉన్నదంతా ఒక్కసారిగా సరదా కాకుండా పోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సోడా అంగట్లో మామకు వచ్చినట్టు అల్లం వల్ల కాదు.

మామ లేచాడు. ఉత్తరీయం తీసి చేతిలో పట్టుకుని సబ్ ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చాడు.

"సార్, నేను ఎమ్మిగనూరు. మగ్గం నేసుకుంటాను. ఇతను నా అల్లుడు. ఒగ మాట సెప్తాను ఇనండి. నేను ఒకప్పుడు ఈతకల్లు తాగినోన్ని. కొంచెం కాదు, బాగా తాగినోన్ని. గుటక నోట్లో పడితే అది ఏ పొద్దు దించిన కల్లో సెప్పేటోన్ని. సర్కారోల్లు వద్దన్నప్పుడు నేను గూడా మానుకున్నా. కానీ ఆ రుసి ఈ నాలిక మరిసిపోదు సార్. పొద్దు గూకినప్పటి నుంచి మా వోడు నన్ను తిప్పి తాపిచ్చింది ఏమంటే, ఒగటి అల్లం సోడా, ఒగటి కడుపు కదిలే మందు, ఒగటి పాలు లేని చాయ్. ఈనికి బార్ తెలియదు, కల్లు తెలియదు, ఏమీ తెలియదు. పిల్లోడు కోతలు కోసినాడు, అంతే."

నేను నేల చూస్తున్నాను. నేలలో ఏదైనా చీలిక ఉందేమోనని చూస్తున్నాను.

"కడుపు కదిలే మందా?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు, ఎందుకో ఆ మాట దగ్గరే ఆగి. "పదండి, చూద్దాం."

అలా నేను ఆదోని బార్లన్నీ రెండోసారి చూపించాను, ఈసారి పోలీసులకు. భాయి మళ్ళీ చాయ్ కాచి అందరికీ ఇచ్చి, "సాబ్, చూడండి, చాయ్!" అని ప్రమాణం చేశాడు. హొళగుంద సోడా అతను నన్ను చూడగానే, "కంట్లో దూది పోయిందా?" అని అందరి ముందూ అడిగాడు. వైద్యుడు మాత్రం మండిపడ్డాడు. "నా మందును సారాయంటారా? మూడు తరాల నుంచి ఈ ఊరి కడుపులు కాపాడినోల్లం!" అని సబ్ ఇన్‌స్పెక్టరు చేతిలోనే ఇత్తడి గిన్నె పెట్టాడు. ఆయన వాసన చూసి, నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని మొత్తం తాగి, "గ్యాసుకి కూడా పనిచేస్తుందాండీ?" అని అడిగాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య చాలా మర్యాదగా సంభాషణ జరిగింది. ఆదోని నీళ్ళు తనకు పడటం లేదని సబ్ ఇన్‌స్పెక్టరు చెప్పుకున్నాడు. చంకలో సీసాతో ఆయన బయటికి వచ్చేసరికి నా మీద కోపం దాదాపు పోయింది. కానీ పోలీసు కదా, ఊరికే వదలకూడదనుకున్నాడు.

"ఇకమీదట ఎవరన్నా బారెక్కడని అడిగితే ఏం చెబుతావ్?"

"తెలియదంటాను సార్."

"వినపడలా. గట్టిగా."

"నాకు ఏ బారూ తెలియదు సార్!"

"ఇంకా గట్టిగా."

సరిగ్గా ఆ నిమిషంలో మిల్లు కూత వేసింది. షిఫ్టు దిగిన కూలీలు, గుమాస్తాలు, తలల మీద దూదితో బజారు నిండా వస్తున్నారు. వాళ్ళ మధ్యలో నేను ఊపిరంతా కూడగట్టుకుని, "నేను ఎప్పుడూ తాగలేదు! నాకు ఏ బారూ తెలియదు!" అని అరిచాను. మా హెడ్డు గుమాస్తా ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "మంచిది నాయనా" అని ఆశీర్వదించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు మిల్లులో నా పేరు మారిపోయింది. 'తెలియదుసార్' అని పిలిచేవారు.

గదికి నడుస్తుంటే సందు మలుపు దగ్గర ఉండబట్టలేక, "నీకు ఎప్పుడు తెలిసింది మామా?" అన్నాను.

"సోడా కొట్టినప్పుడే."

"మరి తెలిసీ అన్నిచోట్లకీ ఎందుకొచ్చినావు?"

మామ ఉత్తరీయం మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "మీ అత్త నిన్నంతా ఏడ్సింది, తాగుబోతుకు పిల్లనియ్యను అని. నా కండ్లతో సూసి రావాలని వచ్చినా. సోడా తాగినాక నాకు పానం కుదుటపడింది. ఇంగ సాలు, పోదాం అందామనుకుంటి. కానీ నువ్వు అంత సంబరంగా గ్లాసు ఎట్ల పట్టుకోవల్లో నేర్పిస్తాంటే ఎట్ల సెప్పేది? అదీగాక..." అని ఆగి, మీసంలో నవ్వాడు. "దొరసాని సంగతి ఏమి సెప్తావో ఇనాలనిపించింది."

మర్నాడు పొద్దున బస్సు దగ్గర మామ ఏదో ఇబ్బంది పడుతున్నట్టు కనిపించాడు. (వైద్యుడి మందు సంగతి కాదు. అది అప్పటికే తీరింది.) "మీ అత్తకు నిజం సెప్తాలే, పిల్లకేమీ అడ్డం రాదు" అన్నాడు. "కానీ అల్లుడా, ఆదోని బార్లు సూసొస్తానని భజన గుంపులో అందరికీ సెప్పి వచ్చినా. ఇప్పుడు పోయి ఉత్త సోడా తాగినానంటే నగుతారు."

"మరెట్ల మామా?"

"నేను సూసుకుంటాలే. నువ్వు మాత్రం గమ్మునుండు."

తర్వాతి ఆదివారం ఎమ్మిగనూరు వెళితే మా వీధి అరుగు మీద కుర్రాళ్ళు లేరు, పెద్దవాళ్ళున్నారు. మధ్యలో మామ. అంత తక్కువ మాటల మనిషి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "పరదా తీసి లోపలికి పోతే సీకటి. పొగలు కక్కే బ్రాందీ. మిద్ది మీద దొరసాని..." "వాయించిందా?" అని ఒకాయన ముందుకు వంగాడు. "ఆమెకు జరం. అయినా నా కోసం ఒగ పాట వాయించింది" అన్నాడు మామ. నన్ను చూసి, "కావాలంటే మా అల్లుడినడగండి" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. నా వీధిని నా కళ్ళ ముందే వేరొకరు ఆక్రమించుకుని నాకంటే బాగా ఏలుకుంటుంటే తల ఊపడం తప్ప ఏం చేయగలను? అత్త మంచినీళ్ళిచ్చి ఏమీ ఎరగనట్టు లోపలికి పోయింది. నీళ్ళు తాగుతుంటే తలుపు వెనక నుంచి మరదలి గొంతు వినపడింది.

"ఏమి బావా, గొంతు బాగుండాదా? బజార్లో సానా గట్టిగా అరిసినావంట?"

ఆ మాఘంలో మా పెళ్ళయింది. ఆ గొంతు సంగతి నాకిప్పటికీ వినపడుతూనే ఉంది. ఏ విషయంలోనైనా నేను కొంచెం పెద్ద మాట మాట్లాడితే చాలు, మా ఆవిడ వంటింట్లోంచి ఒక్కసారి దగ్గుతుంది.

చాలా ఏళ్ళకు నిషేధం ఎత్తేశారు. ఆదోని స్టేషను రోడ్డులోనే, అచ్చంగా నిజమైన బారు వచ్చింది. రంగు దీపాలు, తలుపు దగ్గర మనిషి, అన్నీ. అప్పటికి మామకు చూపు తగ్గింది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని అటుగా నడిపిస్తూ, "మామా, ఇది నిజంది. లోపలికి పోదామా?" అన్నాను. ఆయన ఆగి, లోపలి నుంచి వచ్చే గోల కాసేపు విన్నాడు. "వద్దులేప్పా. మనం సూసినవాటి ముందర ఇదేమి బారు?" అని ముందుకు నడిచాడు.

ఇప్పుడు ఆయన లేడు. ఆ దారిన వెళ్ళినప్పుడు నేనూ లోపలికి తొంగి చూడను. మీసాల మామను పక్కన పెట్టుకుని, లేని వీధిని చూపించడానికి ఛాతీ విరుచుకుని నడుస్తున్న ఒక గుమాస్తా కుర్రాడు ఒక్కోసారి కనపడతాడు. ఎన్ని నిజాలు తెలుసుకున్నా, అంత ధీమాగా ఎవరికీ ఏదీ చూపించడం ఆ తర్వాత నాకు చేతకాలేదు. పిలిచి ఒక మాట చెబుదామనిపిస్తుంది గానీ, మానేస్తాను. వాడికి సాయంత్రం మొత్తం ముందుంది, పోనివ్వండి.